ప్యాకెట్ పులిహోర పేస్టు, పచ్చి ఆవ, మా చిన్నత్తయ్యగారు

"రెడీమేడ్ ప్యాకెట్లకు ఇంట్లో తాజా కూరగాయలు కలిపితే నిజంగా రుచి మారుతుందా, లేక మన తృప్తి కోసమేనా?" అని ఒకరు అడిగారు.

కూరగాయలే అయితే మన తృప్తి కోసమే. నా లెక్కలో ఏ ప్యాకెట్‌లోనైనా ఉప్పూ కారం దండిగానే ఉంటాయి, లేనిది వాసన. కరివేపాకు, అల్లం, కొత్తిమీర, అప్పుడే వేసిన ఇంగువ పోపు: వీటి వాసన నెలల తరబడి కవర్లో నిలవదు. ఆ లోటు తీర్చకుండా క్యారెట్, బీన్స్, బఠాణీ ఎన్ని పోసినా ప్యాకెట్ రుచి ప్యాకెట్ రుచే.

నేను ఉండేది విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. రైలు ఊరి బయట ఆగిపోయిందంటే ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అలాంటి రోజే ఒకసారి, తాళం తీస్తుండగా ఫోన్. మా చిన్నత్తయ్యగారు, మామయ్యగారు అమ్మవారి దర్శనానికి వచ్చారట, కొండ దిగారట, "రాత్రికి మీ ఇంటికే వస్తున్నాం, ఏం హడావుడి పెట్టుకోకమ్మాయ్" అన్నారు. ఆవిడ హడావుడి వద్దన్నారంటే ఏం పెడతామో చూద్దామని అర్థం. చింతపండు పచ్చిపులుసు చేసి ముద్దపప్పు పెట్టి సరిపెడితే చుట్టాలందరికీ ఎగతాళిగా చెప్పుకుంటారు.

ఇంట్లో పులిహోర పేస్టు ప్యాకెట్ ఉంది. అన్నం కాస్త పలుకుగా వండి, వేడివేడిగా బేసిన్‌లో ఆరబోశాను. ఆ వేడి మీదే పసుపు, చెంచా నూనె, చీల్చిన పచ్చిమిర్చి, గుప్పెడు పచ్చి కరివేపాకు వేసి మూత పెట్టాను. అన్నం ఆవిరికి కరివేపాకు మగ్గుతుంది, సగం పులిహోర అక్కడే తయారవుతుంది. పేస్టు మాత్రం కవరు మీద రాసినదానిలో సగమే వేశాను. శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు విడిగా పెట్టాను. అన్నం గోరువెచ్చగా అయ్యాక చెంచాడు ఆవాలు, చిన్న అల్లం ముక్క, కాసిని నీళ్లతో నూరి కలిపాను. ఆవాలు నలిగి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. అందుకే అప్పటికప్పుడు నూరిన ఆవ ఘాటు పులిహోర పేస్టు ప్యాకెట్‌లో దొరకదు.

చిన్నత్తయ్యగారు మొదటి ముద్దకే తల పంకించి, "ఆవ పెట్టావే! ఈ కాలంలో ఎవరు పెడుతున్నారు" అన్నారు. ఆ వెంటనే మారు వడ్డించుకుంటూ, ఈ కాలం ఆడపిల్లలు ప్యాకెట్లు కొనుక్కుని తిని ఆరోగ్యాలు ఎలా పాడుచేసుకుంటున్నారో మాకందరికీ వివరించారు. మా ఆయన నవ్వాపుకోలేక మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయారు. "ఇదీ ప్యాకెట్టే అత్తయ్యగారూ" అన్నాను. నమ్మలేదు. కవరు తెచ్చి చూపిస్తే, "పేరుకి పేస్టు ప్యాకెట్‌దే గానీ, పులిహోర నీదేలే" అని తీర్పు చెప్పారు. నా వాదన కూడా అదే కదా!

ఉప్మా మిక్స్‌కైనా ఇదే సూత్రం. అల్లం, పచ్చిమిర్చి నేతిలో వేయించి, నీళ్లు పోసి మరిగాక మిక్స్ పోయండి, దించాక నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే చేదొస్తుంది. కొన్న దోసెల పిండి రెండో రోజుకి పులిస్తే పారేయకండి. ఉల్లిపాయ, అల్లం, జీలకర్ర, కొత్తిమీర చల్లి మందంగా ఊతప్పం వేస్తే పులుపే రుచి అవుతుంది. నూడుల్స్‌లో మాత్రం వీడియోల్లో చూపించినట్టు చీజ్ తురమకండి. ఏ వంటైనా చివర చీజ్ వేసి తీగలు సాగదీసి చూపించడం ఏం సరదానో నాకర్థం కాదు.

ఆరోగ్యం సంగతంటారా, క్యారెట్ వేసినంత మాత్రాన నూడుల్స్ మసాలా పొట్లంలోని ఉప్పు ఎక్కడికీ పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. పక్కన ఆవకాయ, గోంగూర పచ్చడి లేనిదే మనకి ముద్ద దిగదాయె! అందుకే పొట్లం సగమే వేసి, మిగతా సగానికి నిమ్మరసం, కొత్తిమీరతో సరిపెట్టుకోండి.

అసలు కష్టం కరివేపాకుది. ఒకప్పుడు కూరలు కొంటే కొసరుగా రెండు రెబ్బలు పడేసేవాళ్లు. ఇప్పుడు సూపర్ మార్కెట్లో నాలుగు వాడిన రెబ్బలకి ప్లాస్టిక్ కవరు, దానికో ధర. నేను ఆదివారం పొద్దున్నే రైతుబజార్‌లో పెద్ద కట్ట తెచ్చుకుంటాను. తడి లేకుండా తుడిచి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారమంతా వస్తుంది. కడిగి మాత్రం పెట్టకండి, నల్లబడిపోతుంది.