తీరం కొలవబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులతో రాయునది.

ఏడాది పాటు నెలనెలా ఒకే తీరం మీద డ్రోన్ ఎగరవేసి, ఇసుక ఎక్కడ కోసుకుపోతున్నదో, దిబ్బలు ఏ వైపుకు జరుగుతున్నాయో పటాలు తయారుచేసే పనిని నీ ఒక్కదానికే అప్పగించారని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ముందు గర్వం కలిగింది. ఫోను పెట్టేసిన తరువాత ఆ ‘ఒక్కదానికే’ అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఆ పనిలో ఎన్నో ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక, ఎక్కడ కాలు జారుతుందో తెలిసినవాణ్ణి కనుక, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను. విసుక్కుంటూనైనా సరే, చివరిదాకా చదువు.

నీకు తెలిసిన సంగతులను త్వరగా ముగిస్తాను. అనుమతులు ముందే తీసుకో. దిబ్బల దగ్గర నేల మీదే గూళ్ళు పెట్టుకునే పక్షులు ఉంటే, అవి పొదిగే రోజుల్లో ఆ వైపు వెళ్ళకు. మోటార్లలోకి ఇసుక చేరకుండా చెక్క పలక మీద నుంచే డ్రోన్‌ను లేపు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు గాలికి ఎదురు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు గాలి తోడుగా ఉండేలా చూసుకో. ఎగిరే దిశలో ఫొటోలు 80 శాతం, పక్క వరుసతో 70 శాతం ఒకదానిపై ఒకటి పడాలి. ఒక అంగుళం సెన్సారు, 8.8 మిల్లీమీటర్ల లెన్సు, వెడల్పున 5,472 పిక్సెళ్ళు ఉన్న కెమెరా 60 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 1.6 సెంటీమీటర్లు, 100 మీటర్ల నుంచి తీస్తే 2.7 సెంటీమీటర్లు అవుతుంది. నీ పనికి 60 మీటర్లు చాలు. అయితే ఆ 60 సాధారణంగా డ్రోన్ లేచిన చోటి నుంచి లెక్క. ఒక నెల దిబ్బ నెత్తి మీద నుంచి, మరో నెల కింది ఇసుక మీద నుంచి లేపితే నువ్వు రెండు వేర్వేరు ఎత్తుల నుంచి ఫొటోలు తీసినట్టే. కనుక చోటు మార్చకు.

డ్రోన్లు రాకముందు మేము తీరాన్ని కాళ్ళతో కొలిచేవాళ్ళం. గట్టి నేలలో పాతిన, ఎత్తు ముందే తెలిసిన బెంచ్‌మార్కును ఆధారం చేసుకుని లెవెలు (సమమట్టంలో చూసే దుర్బిణి) నిలబెడితే, ఒకరు స్టాఫ్ (కొలతలు గీసిన పొడవాటి కర్ర) పట్టుకుని నీటి వైపు నడిచేవారు, ఒకరు చదివేవారు, మూడో మనిషి పుస్తకంలో రాసేవాడు. అంతకంటే చౌకైన పద్ధతిని 1961లో కె. ఓ. ఎమెరీ అనే సముద్ర భూగర్భ శాస్త్రవేత్త వివరించాడు. కొలతల గుర్తులున్న రెండు కర్రలను నిర్ణీత దూరంలో నిలబెట్టి, వెనుక కర్ర దగ్గర నుంచి ముందు కర్ర కొసను సముద్రపు దిగంతంతో కలిపి చూస్తే, రెండు చోట్ల నేల ఎత్తులో తేడా ఎంతో వెనుక కర్ర మీది గుర్తే చెబుతుంది. నేను ఆ కర్రలతో కూడా కొలిచాను. ఎలా కొలిచినా రోజంతా తిరిగితే వంద మీటర్లకొకటి చొప్పున కొన్ని గీతలు వచ్చేవి, గీతకూ గీతకూ మధ్య ఏముందో మా ఊహకే వదిలేసేవాళ్ళం. అందుకే మొదటిసారి డ్రోన్ ఫొటోల నుంచి తీరమంతా, మేము నడిచిన అడుగుల గుర్తులతో సహా, కంప్యూటరు తెర మీద లేచి నిలబడినప్పుడు నా కళ్ళు చెదిరాయి. ఆ చెదిరిన కళ్ళతోనే నేను చేసిన తప్పును నీకు పూర్తిగా చెప్పాలి. మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఆ తీరం కిలోమీటరు పొడవు, నీరు బాగా వెనక్కి తీసిన వేళ 80 మీటర్ల వెడల్పు. నేల మీద పరచడానికి నలుపు తెలుపు గళ్ళ బోర్డులు 12 తీసుకువెళ్ళాం. ఆలస్యంగా చేరుకున్నాం. నీటి అంచున ఇసుక ఇంకా కాలు దిగబడేంత తడిగా ఉంది. బూట్లు తడుపుకోవడం ఇష్టంలేక, అంతకంటే నిజమైన కారణమేమీ లేదు, 12 బోర్డులనూ దిబ్బల పాదం వెంట పొడి ఇసుక మీద వరుసగా, దాదాపు తాడు పట్టి పరిచినట్టు తిన్నగా పరిచాను. ఎనిమిదింటిని కంట్రోల్ పాయింట్లుగా, అంటే ఫొటోల నుంచి కట్టే నమూనాను నేలకు బిగించే, ఎత్తు తెలిసిన గుర్తులుగా సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, మిగిలిన నాలుగింటిని చెక్ పాయింట్లుగా, అంటే ఆ తరువాత ఫలితాన్ని సరిచూసుకునే గుర్తులుగా అట్టిపెట్టాను. నాలుగింటి దగ్గరా ఎత్తులో పొరపాటు 3 సెంటీమీటర్లు దాటలేదు. ఆ అంకె చూసి నేను ఎంత మురిసిపోయానంటే, దాన్ని నివేదిక మొదటి పుటలోనే వేశాను.

అంతకు ఆరు నెలల ముందు, బోర్డులను అన్ని వైపులా పరిచి చేసిన సర్వే ఒకటి మా దగ్గర ఉంది. కొత్త ఎత్తుల నుంచి పాత ఎత్తులను తీసివేస్తే వచ్చిన పటంలో దిబ్బల పాదం దగ్గర ఏ మార్పూ లేదు కాని, నీటి వైపు వెళ్ళేకొద్దీ ఎరుపు ముదురుతూ పోయి, అంచున నేల 40 సెంటీమీటర్లు దిగిపోయినట్టు కనిపించింది. సగటున 20 సెంటీమీటర్లు అనుకుంటే 80,000 చదరపు మీటర్ల మీద 16,000 ఘనపు మీటర్ల ఇసుక పోయినట్టు. లెక్క శుభ్రంగా ఉంది, పటం అందంగా ఉంది. తీరం ఇలాగే కోసుకుపోతే రెండేళ్ళలో ఒడ్డున ఉన్న పాకలకు ముప్పు రావచ్చునని రాసి, ఆ పాకలవాళ్ళను కూర్చోబెట్టి పటం పరిచి నేనే వివరించాను.

వాళ్ళలో ఒక వృద్ధుడు చాలాసేపు పటం మీదికి వంగి చూసి, పడవలను నీళ్ళలోకి దింపే సిమెంటు వాలు ఉన్న చోట వేలు పెట్టాడు. “ఇది కూడా ఎర్రగానే ఉందేమిటి బాబూ, సిమెంటును కూడా అల తినేసిందా?” అన్నాడు. నిజమే. ఆ వాలు పైకొస దగ్గర రంగు లేదు, కిందికి దిగేకొద్దీ ఇసుకతో సమానంగా అదీ ఎర్రబడింది. మర్నాడు పాత లెవెలు, స్టాఫ్ తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళి ఆ వాలును కొలిచాను. ఒక్క సెంటీమీటరు కూడా కదలలేదు. పక్కనున్న ఇసుకను కొలిచాను. అదీ ఎక్కడున్నది అక్కడే ఉంది.

తలుపుకు బందులు ఒక్క వైపే ఉంటాయి. బందుల దగ్గర నిలబడి చూస్తే తలుపు కదలనే లేదనిపిస్తుంది, అవతలి అంచు మాత్రం ఊగుతూనే ఉంటుంది. బోర్డులను ఒకే వరుసలో పరిచి నేను తీరానికి బందులు బిగించాను. ఆ వరుస చుట్టూ మొత్తం నమూనా డిగ్రీలో మూడో వంతు కూడా లేనంత స్వల్పంగా ఒరిగినా 80 మీటర్ల దూరాన 40 సెంటీమీటర్ల తేడా వస్తుంది. చెక్ పాయింట్లు కూడా ఆ బందుల మీదే ఉన్నాయి కనుక అవి నా మాటకే వంతపాడాయి. అబద్ధం చెప్పిన కుటుంబంలోనే సాక్షులను వెతుక్కున్నట్టు అయింది. నివేదిక వెనక్కి తీసుకున్నాను కాని, ఒక కుటుంబం అప్పటికే వలల పాకను విప్పి వెనక్కి జరుపుకుంది. దాన్ని మళ్ళీ పాత చోట నిలబెట్టుకోవడానికి వాళ్ళకు మూడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు నేనూ గుంజలు మోశాను. మూడో రోజు వాళ్ళే వద్దన్నారు, నేను చేసే సాయం కంటే అడ్డం ఎక్కువగా ఉందట.

కనుక అమ్మాయీ, బోర్డులను దిబ్బల మీద, మధ్య ఇసుక మీద, నీటి అంచున, తీరం రెండు కొసలా పరుచు. చెక్ పాయింట్లను వాటికి దూరంగా, ముఖ్యంగా నీటి వైపు పెట్టు. సిమెంటు కట్టడమో, రోడ్డో, కదలనిది ఏదైనా ఒకటి ప్రతి సర్వేలోనూ ఫొటోలలో పడేలా చూసుకుని, దాన్ని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకుండా దాచుకో. పటంలో అది కదిలిందంటే ఇసుక సంగతి తరువాత, ముందు నీ సర్వే సంగతి చూసుకోవాలి. ఆర్‌టీకే (నేల మీది బేస్ స్టేషను సాయంతో డ్రోన్ తన స్థానాన్ని సెంటీమీటర్ల దాకా దిద్దుకునే ఏర్పాటు) ఉన్న డ్రోన్ కదా, బోర్డులు ఎందుకు అని నీ తోటివాళ్ళు నవ్వుతారు. ఆర్‌టీకే ఉంటే కంట్రోల్ పాయింట్లు తగ్గించుకోవచ్చునేమో కాని చెక్ పాయింట్లు మానకూడదు. దాని బేస్‌కు ఇచ్చిన ఎత్తు తప్పయితే తీరమంతా కలిసికట్టుగా లేస్తుంది, లేదా కుంగుతుంది.

ఇంత చెప్పి, నీటి అంచుకు వెళ్ళమని నేనే అంటున్నాను కనుకనే నాకు నిద్ర పట్టడం లేదు. సర్వే ఎప్పుడూ నీరు బాగా వెనక్కి తీసే వేళకే పెట్టుకోవాలి, అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తరువాత అయితే మరీ మంచిది, అప్పుడే ఎక్కువ ఇసుక బయటపడుతుంది. కాని అంత దూరం తీసిన నీరు అంత వేగంగానూ తిరిగి వస్తుంది. నీటి వైపు బోర్డులను చివర పరిచి, అన్నిటికంటే ముందు ఏరుకో. పోటు తిరిగిన తరువాత బోర్డు మిగిలిపోతే వదిలెయ్యి. నేను ఒకసారి ఒక బోర్డు కోసం మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, వెనక్కి చూసేసరికి ఒడ్డుకూ నాకూ మధ్య ఉన్న పల్లంలో నీరు నడుము దాకా ఉంది. అట్టముక్కకు రంగు వేస్తే ఇంకో బోర్డు వస్తుంది. చెవిన పడిందా?

కంటికి కనిపించని ఒరుగుడు ఇంకొకటి ఉంది. ఫొటోలన్నీ నిటారుగా కిందికే, సమాంతర వరుసలలో తీస్తే, లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ కొద్దిగా తప్పుగా అంచనా వేసినా నేల మొత్తం బోర్లించిన పళ్ళెంలా ఉబ్బుతుంది, లేదా వెల్లకిలా పెట్టిన పళ్ళెంలా గుంటపడుతుంది. కెమెరాను 20, 30 డిగ్రీలు వంచి మరికొన్ని ఫొటోలు తీసి కలిపితే అది చాలావరకు సర్దుకుంటుంది.

దిబ్బల దగ్గర మోసం వేరు. అక్కడ కెమెరాకు కనిపించేది ఇసుక కాదు, గడ్డి కొసలు. వానల తరువాత గడ్డి పెరిగితే దిబ్బ పెరిగినట్టు, ఎండలకు వాడితే దిబ్బ తరిగినట్టు పటం చెబుతుంది. లేజరు కిరణాలతో దూరం కొలిచే లైడార్ అయితే ఆకుల సందులోంచి కొంతవరకు నేలను అందుకుంటుంది. నీ దగ్గర అది లేదు కనుక, గడ్డి ఉన్న చోట్లను పటంలో విడిగా గుర్తించి, అక్కడక్కడా స్వయంగా నేల ఎత్తు కొలిచి, ఏ తేడా ఇసుకది, ఏ తేడా గడ్డిది అని వేరుచేసి రాయి. కొలవడానికి వెళ్ళినప్పుడు ఒకే దారిన నడువు. గాలి తెచ్చిన ఇసుకను పట్టి దిబ్బగా నిలిపేది ఆ గడ్డే, పదిసార్లు పది దారుల్లో తొక్కితే వేళ్ళు తెగిన చోట గాలి గొయ్యి తవ్వడం మొదలుపెడుతుంది.

తడి ఇసుక మెరుపు, మిట్టమధ్యాహ్నం తెల్లబోయే పొడి ఇసుక, రెండూ సాఫ్ట్‌వేర్‌ను తికమకపెడతాయి. పోల్చుకోవడానికి గుర్తులు దొరకని చోట అది ఊహించి గతుకులు పుట్టిస్తుంది. కదిలే అలల మీద పుట్టే ఎత్తులకు అర్థమే లేదు, కత్తిరించి పారెయ్యి. అలాగే ఫొటోలో నీరు ఆగిన గీతనే తీరరేఖ అనుకోకు. 50 మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న తీరంలో నీటిమట్టం 20 సెంటీమీటర్లు మారితే చాలు, ఆ గీత 10 మీటర్లు జరిగిపోతుంది. ఒక ఎత్తును నిర్ణయించుకుని, ఆ ఎత్తు గీత ప్రతి నెలా ఎక్కడ ఉందో చూడు. ఆ ఎత్తు దేని నుంచి కొలిచిందో పుస్తకంలో తప్పక రాయి. జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ (భూమిని కొద్దిగా నొక్కిన నున్నని గోళంగా లెక్కకట్టిన ఆకారం) ఎత్తుకూ, సముద్రమట్టానికి దగ్గరగా ఉండే జియాయిడ్ ఎత్తుకూ తేడా భూమి మీద కొన్ని చోట్ల 100 మీటర్ల దాకా ఉంటుంది. ఒక నెల అది, ఒక నెల ఇది వాడినవాళ్ళను నేను చూశాను.

చిన్న తేడాలకు కథలు అల్లకు. రెండు సర్వేలలోనూ ఎత్తులో 5 సెంటీమీటర్ల చొప్పున అనిశ్చితి ఉంటే, రెండూ కలిసి సుమారు 7 అవుతాయి. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 14 సెంటీమీటర్లకు తక్కువైన మార్పును మార్పు అనకూడదు. నీ పటంలో అలాంటి చోట్లను బూడిదరంగులో వదిలెయ్యి. పైవాళ్ళు రంగులు కావాలని అడుగుతారు, ఇవ్వకు.

ఇంకొకటి. తుపాను వెళ్ళిన వారానికి తీరాన్ని చూసి హడలిపోకు. పెద్ద అలలు ఇసుకను లోపలికి లాగి నీటి అడుగున తిన్నెగా దాస్తాయి, సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దానిలో చాలా భాగాన్ని వారాలు, నెలల తరబడి తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. కనుక తుపానుకు ముందూ వెనుకా తీసిన జంటను విడిగా ఉంచి, ఒక ఏడాదిని మరో ఏడాదితో పోల్చేటప్పుడు అదే నెలతో అదే నెలను పోల్చు. తీసిన అసలు ఫొటోలను ఎన్నడూ చెరపకు. నా పాత తప్పును తిరిగి లెక్కవేయగలిగింది ఫొటోలు మిగిలి ఉన్నందువల్లనే.

మొదటి సర్వేకు ఎవరినైనా ఒకరిని తోడు తీసుకువెళ్ళు, బోర్డులు మోయడానికి అని చెప్పు, వాళ్ళ చూపు మాత్రం నీటి మీద ఉండాలి. నీరు పూర్తిగా తీసే వేళ ఎంతో ముందురోజు రాత్రే నాకు చెప్పు. ఆ తరువాత రెండు గంటలకల్లా బోర్డులన్నీ ఒడ్డున ఉండాలి, నాకు ఫోను రావాలి. రాకపోతే నేనే చేస్తాను, మీ అమ్మకు చెప్పకుండా.

ప్రేమతో,
మామయ్య