దొరికిపోయిన బ్లఫ్ గురించి

బాబూ,

పోకర్‌లో బ్లఫ్ చేసి, అంటే ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పెద్ద పందెం వేసి, దొరికిపోయానని రాసిన నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 22 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం, అదే మన కొలత) పోయినందుకంటే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి ముందు దొరికిపోయినందుకే నీకు ఎక్కువ బాధగా ఉంది. ఆ బాధ నాకు తెలుసు. కానీ "ఇక జన్మలో బ్లఫ్ చేయను" అని రాశావు చూడు, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. ఎప్పుడూ బ్లఫ్ చేయనివాడు పందెం వేస్తే చాలు, ముక్కలు బాగా పడ్డాయని బల్లంతా పసిగట్టేస్తుంది. నిజంగా పెద్ద ముక్కలు పడిన రోజున వాడికి ఒక్కరూ డబ్బులివ్వరు.

ఆ ఆట మళ్లీ నెమ్మదిగా చూద్దాం. నీ దగ్గర ఆఠీన్ జాకీ, ఆఠీన్ పది. పందెం మూడు బ్లైండ్లకు పెంచి రైజ్ చేశావు, బిగ్ బ్లైండ్ పెట్టినాయన నీతో సమానంగా పెట్టి కాల్ చేశాడు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆఠీన్ రాజు, ఆఠీన్ ఎనిమిది, కళావర్ మూడు. నాలుగు బ్లైండ్లు వేశావు, మళ్లీ కాల్. నీకు నాలుగు ఆఠీన్లు కలిశాయి, ఇంకొక్కటి పడితే ఒకే రంగు ఐదు ముక్కల ఫ్లష్. అంతవరకు నీ తప్పేమీ లేదు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, డైమన్ మూడు, ఇద్దరూ పందెం వేయకుండా చెక్. రివర్‌లో, అంటే చివరి ఐదో ముక్కగా, ఇస్పేట్ రెండు పడగానే పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) ఉన్నంత, ఇంచుమించు 15 బ్లైండ్లు, ఒక్కసారిగా తోశావు. ఆయన కాల్ చేసి రాజు, తొమ్మిది చూపించాడు, రాజుల జతతో గెలిచాడు.

ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని చూడు. రాజుతో పాటు ఇంకో పెద్ద ముక్క ఉన్నవాడైనా, మూడు ఎనిమిదులు ఉన్నవాడైనా, బల్ల మీద రెండు ఆఠీన్లు కనబడుతుంటే టర్న్‌లో ఇంకో ముక్క ఊరికే చూడనిస్తాడా? ఆ ఇస్పేట్ రెండు మాత్రం ఎవరికి కలిసొచ్చింది? ఫ్లాప్‌లో ఒక మాట చెప్పావు, టర్న్‌లో ఆ మాట మింగేశావు, రివర్‌లో గట్టిగా అరిచావు. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అదే టర్న్‌లో పందెం వేసి ఉంటే మాట నిలబడేది. ఆయన కాల్ చేసినా రివర్‌లో ఆఠీన్ పడే అవకాశం సుమారు 20 శాతం ఉండేది.

లెక్క కూడా చూసుకో. పాట్‌కు సమానంగా వేసిన బ్లఫ్ రెండింట ఒకసారి పారితేనే పెట్టింది వెనక్కి వస్తుంది. సగం పాట్ వేస్తే మూడింట ఒకసారి చాలు. రెండుసార్లలో ఒకసారి ఆయన ముక్కలు పడేస్తాడని నీకు ఎందుకు అనిపించింది?

ఇంకో సంగతి చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. అలాంటి బోర్డు మీద ముందుగా ముక్కలు పడేసి ఫోల్డ్ చేసేది ఎవరు? నీలాగే ఆఠీన్ల కోసం ఎదురుచూసి, రానివాళ్లు. ఆ ఆఠీన్లలో రెండు నీ చేతిలోనే ఉన్నాయి. అంటే పారిపోవాల్సిన ముక్కలు ఎదుటివాడి దగ్గర ఉండే అవకాశాన్ని నువ్వే తగ్గించావు. డ్రా, అంటే ఎదురుచూసిన ముక్క, తప్పింది కాబట్టి బ్లఫ్ చేయాలి అనుకుంటాం. చాలాసార్లు అలాంటి చోటే మానుకోవాలి.

వీటన్నిటికంటే నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయన అంతకు ముందు రెండుసార్లు చిన్న జతతో పెద్ద పందేలు కాల్ చేశాడని నువ్వే రాశావు. అంత చూసి కూడా ఆయన మీదే బ్లఫ్ ఎందుకయ్యా? ముక్కలు పడేయడం తెలిసినవాడి మీదే బ్లఫ్ పనిచేస్తుంది. ఒకవేళ ఆ రోజు ఆయన ఏదో ఆలోచనలో ఫోల్డ్ చేసి, పాట్ నీకు వచ్చి ఉన్నా, నేను దాన్ని తప్పు బ్లఫ్ అనే అంటాను.

నేను కొత్తలో ఇలాగే దొరికాను. నేను చిప్స్ లెక్కపెడుతుండగానే ఎదుటాయన తన రెండు ముక్కల మీద ఒక చిప్ పెట్టి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ముక్కలు ఆయన వదలడని అక్కడే తెలియాలి. చూశాను, చూసి కూడా తోశాను. ఆ ఒక్క ఆటలో పోయింది కొంచెమే. తర్వాత రెండు గంటలు ఆయన దగ్గరే అది తిరిగి లాక్కోవాలని కూర్చున్నాను, మూడు బై-ఇన్లు, అంటే ఆటలో కూర్చోవడానికి పెట్టే మొత్తానికి మూడింతలు, పోయాయి. క్యాష్ గేమ్‌లో, అంటే టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుకు ఆడే ఆటలో, బ్లైండ్లు పెరగవు, ఎవరూ నిన్ను తరమరు, ఎప్పుడు లేచి వెళ్లినా అడిగేవాళ్లు లేరు. ఆ వెసులుబాటును నేను వాడుకోలేదు.

మళ్లీ వాళ్లతో కూర్చుంటే కొన్నాళ్లు నిన్ను నమ్మరు. అది నీకు మంచిదే. రాజు, రాణి పడి, ఫ్లాప్‌లో రాజు వస్తే భయపడకుండా మూడుసార్లూ పందెం వెయ్యి, ఆయన రాజు, తొమ్మిదితో డబ్బులిస్తూనే ఉంటాడు. బ్లఫ్ మాత్రం ఆయన ఆటలో లేనప్పటికి దాచుకో.

ఒకటి అడగాలి. ఆ ఆట అయ్యాక ఇంకా ఎంతసేపు కూర్చున్నావో నువ్వు రాయలేదు. తర్వాతి ఉత్తరంలో ముందు అది రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న