ఆదాయమే తప్ప వ్యయం లేని వాగ్దాన కార్డులు

అడిగిన ప్రశ్న: "డిసెంబరు 31 రాత్రి చర్చిలో వాగ్దాన కార్డు తియ్యడం జాతకం చూపించుకోవడం లాంటిదేనా? ఇప్పటి పోకడల గురించి ఏడాది చివర పాస్టరన్నవాడు ఏం చెప్పాలి?"

లాంటిదే. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల అంతకన్నా అన్యాయం. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో పంతులుగారు ఆదాయంతోపాటు వ్యయం కూడా చదువుతారు, రాజపూజ్యంతోపాటు అవమానం కూడా చెబుతారు. వాగ్దాన కార్డంటే బైబిలు వచనం ఒకటి అచ్చేసిన చీటీ, కొత్త ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాటగా ఒక్కొక్కరూ పళ్లెంలోంచి ఒకటి తీసుకుంటారు. మన పళ్లెంలో ఉన్నవన్నీ ఆదాయం, రాజపూజ్యమే. వ్యయం కార్డు ఒక్కటీ ఉండదు.

పన్నెండు దాటాక ఏ చర్చిలోనైనా పళ్లెం దగ్గర నిలబడి చూడండి. ఒకామె కార్డు తీసి చదువుతుంది. నచ్చదు. వెనక్కి పెట్టేసి, ఎవరూ చూడలేదనుకుని అడుగునుంచి ఇంకోటి లాగుతుంది. పక్కన కుర్రాడు తన కార్డుకు ఫోటో తీసి అక్కడే స్టేటస్ పెట్టేస్తాడు. భర్తకు "నిన్ను తలగా నియమించును" అని వస్తే, భార్యకు "ఓర్పు" అన్న మాట ఉన్న వచనం వస్తుంది. ఆ నవ్వులు సరదాగానే ఉంటాయి గానీ, అందరి కళ్లూ పక్కవాళ్ల చేతిలో ఏం పడిందా అనే చూస్తుంటాయి. అదృష్టం చీటీకీ దానికీ తేడా అక్కడే చెరిగిపోతుంది.

ఈ అలవాటు పుట్టుక వేరు. జర్మనీలోని హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో 1728 నుంచి మొరావియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు రోజుకో వచనాన్ని ఇంటింటికీ తీసుకెళ్లి చెప్పేవారు. 1731 నుంచి ఏడాది మొత్తానికీ సరిపడా ముందే అచ్చువేస్తున్నారు, ఇప్పటికీ ఆపలేదు. పాత నిబంధన వచనాన్ని చీటీ వేసే తీస్తారు. కానీ ఆ చీటీ ఒక్క మనిషి పేరున తీసింది కాదు, ఆ రోజు ఊరందరికీ ఒకే మాట. పొలానికి వెళ్లేవాడూ, పడకమీద ఉన్నవాడూ అదే వచనంతో రోజు గడపాలి. మనం దాన్ని ఎవరి చీటీ వాళ్లదిగా మార్చుకున్నాం. ఒకే మాటను అందరూ మొయ్యడం పోయి, ఎవరి బోనస్ వాళ్లు తీసుకునే వరసైంది.

అయినా కార్డులు మానెయ్యమని అనను. బైబిలు తెరవని ఇళ్లలో ఏడాది పొడుగునా ఫ్రిజ్ మీద కనబడే లేఖనం అదొక్కటే. పద్ధతి మాత్రం మార్చాలి. 300 మంది వచ్చే సంఘానికి 360 కార్డులు చాలు. 60 వచనాలు ఎంచి ఒక్కోటి ఆరేసి కొట్టించండి. అరవైలో కనీసం ఇరవై ఆజ్ఞలు, ఓదార్పులు ఉండాలి. న్యాయంగా నడుచుకోమనే మీకా 6:8, జలాల్లో దాటేటప్పుడు తోడుంటానన్న యెషయా 43:2, అంజూరం పూయకపోయినా ఆనందిస్తానన్న హబక్కూకు 3:17, 18, "రేపు ఫలానా ఊరెళ్లి, ఏడాది ఉండి, వ్యాపారం చేసి లాభం సంపాదిస్తాం" అనేవాళ్లను ఆపే యాకోబు 4:13. కార్డు వెనకవైపు ఆ వచనం ముందూ వెనకా ఉన్న భాగం "చదవండి" అని వెయ్యాలి. ముసలివాళ్లకు కనబడాలంటే అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు. అంటే పాతిక మాటలకు మించిన వచనం విజిటింగ్ కార్డు సైజులో పట్టదు. పట్టించాలని వచనాన్ని సగంలో నరికితే షరతు ఎగిరిపోయి దీవెన ఒక్కటే మిగులుతుంది.

డిసెంబరు 10 దాటాక ఆర్డరిస్తే ప్రెస్సులు క్యాలెండర్లతో నిండిపోయి ఉంటాయి, ప్రూఫు చూసే టైము ఎవరికీ ఉండదు. తప్పులు రెండు చోట్ల వస్తాయి. ఫోనులోంచి కాపీ చేసిన వచనాన్ని డీటీపీవాళ్లు వాడే "అను" అనే తెలుగు ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు విరుగుతాయి. "క్ష", "త్స్య" లాంటివి ముందు చూడండి. రెండోది, అధ్యాయం అంకె మారిపోతుంది. ఇద్దరు మనుషులు, ఒకరు బైబిలు పట్టుకుని, ఒకరు ప్రూఫు పట్టుకుని పైకి చదివి సరిచూడాలి. అరవై వచనాలకు గంట పడుతుంది. ఇంకోమాట, కార్డు మీద అయ్యగారి ఫోటో వద్దు. ఫ్లెక్సీలో ఆయన, క్యాలెండర్లో ఆయనా పాస్టరమ్మా, కార్డు మీద మళ్లీ ఆయనే, వచనం మాత్రం మూలన చీమంత. వాగ్దానం చేసింది ఎవరో చూసేవాడికి అర్థం కావాలి కదా.

ఎక్కువగా పంచే వాగ్దానాల్లో యిర్మీయా 29:11 ఒకటి, సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అనేది. దాని పైనున్న పదో వచనం చదివేవాళ్లు తక్కువ. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాక అని ఉంది అక్కడ. ఆ మాట, యెరూషలేమునుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఐదు నుంచి ఏడు వచనాల్లో ఉంది. ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది ఆ డెబ్బై ఏళ్లు పూర్తయ్యేదాకా బతకరు. అలాంటి మాటను "2 నెలల్లో వీసా" అని అర్థం చెప్పి పంపేస్తున్నాం. ద్వితీయోపదేశకాండం 28 సంగతీ అంతే. 14 వచనాల దీవెనలు ముద్రిస్తాం, తర్వాతి 54 వచనాల శాపాలు ముట్టుకోం.

వాగ్దానం కోసం ఏళ్లతరబడి ఎదురుచూడటానికి మన నేలమీదే మంచి ఉదాహరణ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక గుట్ట ఎక్కి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ప్రార్థన చేశారు. ఫలితం లేదని ఆ తెలుగు మిషనును మూసెయ్యాలని అమెరికాలో చర్చ నడుస్తున్న రోజులవి. ఐదుగురే. మైకు లేదు, కేకు లేదు, "ఇది రెట్టింపు ఆశీర్వాద సంవత్సరం" అన్న బ్యానరు లేదు. ఆ ఏడాది చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చేసరికి 1866. గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది 1878 జులై 3న. లెక్కేస్తే 24 ఏళ్లు. కరవు పనులు ఇప్పిస్తున్నంతకాలం, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. వాగ్దానానికి డిసెంబరు 31 గడువు పెట్టే అలవాటు అప్పట్లో లేదు.

ఇక పోకడల సంగతి. మందు, డీజే, పబ్బుల గురించి పాస్టర్లు ఆ రాత్రి గంటసేపు తిడతారు. తిట్టించుకోవాల్సినవాళ్లు అక్కడ ఉండరు. వాచ్ నైట్, అంటే రాత్రి మేలుకుని చేసే ఈ ప్రార్థన కూడిక, పుట్టిందే తాగుడుకు జవాబుగా. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలు శనివారం రాత్రుళ్లు సారా కొట్టులో గడిపేవారు. మారుమనస్సు పొందాక అవే గంటలు ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1740ల మొదట్లో దాన్ని చూసి, మిగతా ఊళ్లలోనూ పెట్టించాడు. నెలకొకసారి, పౌర్ణమికి దగ్గరి శుక్రవారం, ఎనిమిదిన్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా. పౌర్ణమి ఎందుకంటే, దూరంనుంచి నడిచొచ్చినవాళ్లకు ఇంటికెళ్లే దారి కనబడాలని. ఎంత ఆలోచించారో చూడండి. మనం పన్నెండున్నరకు ఆటోలు దొరకని టైములో ఆడపిల్లల్ని వదిలేసి, కమిటీ వాళ్లం కేకు కోసుకుంటాం. తాగి బండి నడిపేవాళ్లు రోడ్లమీద ఉండే రాత్రి అది. వీధులవారీగా ఎవరు ఎవరితో వెళ్లాలో 28వ తేదీకే రాసి పెట్టుకోవాలి.

నన్నడిగితే, ఇప్పటి సంస్కృతిలో మనకు అంటిన జబ్బు తాగుడు కాదు, తొందర. డిసెంబరు 1 నుంచే సెమీ క్రిస్మస్ అని ముందస్తు వేడుకలు మొదలుపెడతారు. క్రిస్మస్ కోసం ఎదురుచూడమని పెట్టిన నాలుగు ఆగమన ఆదివారాలు అందులో కొట్టుకుపోతాయి. 31కి వచ్చేసరికి పాటల బృందానికి గొంతుండదు, పాస్టరుకు ఒంట్లో సత్తువ ఉండదు. అందుకే ఆ రాత్రి ప్రసంగం ఫోన్లోంచి ఊడిపడుతుంది. "ఆమేన్ అని టైప్ చెయ్యండి, పదిమందికి పంపండి, రేపటికి అద్భుతం" అనే బాపతు పోస్టులు, కంప్యూటర్ గీసిన ఆరువేళ్ల యేసు బొమ్మలు సంఘం గ్రూపులోకి వచ్చేది కూడా ఈ వారంలోనే. గ్రూపు అడ్మిన్ పాస్టరే కదా, తీసెయ్యొచ్చు. తియ్యడు.

ఆ రాత్రి టైము ఎలా పంచాలో చెబుతాను. పదింటికి మొదలుపెడితే పాటలకు 25 నిమిషాలు. తర్వాత ఆ ఏడాది సంఘంలో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదవాలి, పేరు పేరుకూ మధ్య ఒక ఊపిరంత ఆగాలి. పుట్టిన పిల్లల పేర్లు ఆ వెంటనే. పదినిమిషాల్లో అయిపోయే పని, కానీ ఆ ఏడాది కొడుకును పోగొట్టుకున్న తల్లి తర్వాత వచ్చే పాటకు నోరు విప్పగలిగేది దీనివల్లే.

సాక్ష్యాలకు మైకు బహిరంగంగా వదిలితే మొదటివాడే పావుగంట తింటాడు. అందులోనూ లేచేవాళ్లంతా ఇల్లు కట్టినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు. పొలం మునిగినవాడు, భార్య ఆపరేషన్ వికటించినాయన వెనక గోడకు ఆనుకుని కూర్చుంటారు. ఐదుగుర్ని ముందే అడిగి పెట్టుకోండి, మనిషికి మూడు నిమిషాలు. అందులో ఇద్దరు, అడిగింది దొరక్కపోయినా నిలబడ్డవాళ్లై ఉండాలి.

ప్రసంగం 25 నిమిషాలు దాటొద్దు. ఆ రాత్రికి లూకా 13:6-9ని మించిన భాగం లేదని నా పట్టు. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికెయ్యమంటాడు యజమాని. తోటమాలి "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అంటాడు. గడువడిగింది చెట్టు కాదు, తోటమాలి. గడువులో జరిగే పని కూడా చెప్పాడు, చుట్టూ తవ్వడం, ఎరువెయ్యడం. ఎరువంటే పేడే. కొత్త సంవత్సరం వాగ్దానంలో పేడ కూడా ఉందని చెప్పడానికి ఇంతకన్నా సూటి దారి లేదు.

తర్వాత ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. పదిహేనేసి మందిని ముందుకు పిలిస్తే, జట్టుకు రెండు నిమిషాల చొప్పున 300 మందికి 40 నిమిషాలు పడుతుంది, అంటే 11:50కి మొదలవ్వాల్సిన మౌనాన్ని బల్లే తినేస్తుంది. కూర్చున్న చోటికే ట్రేలు పంపితే పావుగంటలో అయిపోతుంది. కప్పుకు 15 మి.లీ. లెక్కన నాలుగున్నర లీటర్లు, ఒలికేదానికి కలిపి ఐదు లీటర్ల ద్రాక్షరసం. ముందురోజు సాయంత్రం కాచి చల్లార్చాలి. మూడ్రోజుల ముందే చేసి బయట పెడితే పులిసిపోతుంది. 11:50కి లైట్లు తగ్గించి, అందరూ మోకాళ్లమీద, మైకు ఆపేసి, పది నిమిషాలు మౌనం. మొదటి రెండు నిమిషాలు దగ్గులు, పిల్లల ఏడుపులు వినబడతాయి. కంగారుపడి పాస్టరు మళ్లీ మైకందుకుంటాడు. అందుకోకూడదు.

చర్చి బయట కట్టే హారన్ మైకుల గురించి కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, తలుపులు మూసిన హాలు లోపల తప్ప. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగలకు రాష్ట్రప్రభుత్వం పన్నెండుదాకా సడలించొచ్చు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. అంటే పదింటికి బయటి హారన్ల వైరు పీకెయ్యాలి. పక్కింట్లో జ్వరంతో పడుకున్నవాడికి మన హల్లెలూయ సువార్త కాదు, చప్పుడు.

కార్డులు పంచేటప్పుడు ఒకే పళ్లెం పెడితే, మనిషికి ఐదు సెకన్లైనా 25 నిమిషాలు, తోపులాట అదనం. నాలుగు పళ్లేలు, నాలుగు వరసలు పెడితే ఏడు నిమిషాల్లో అయిపోతుంది. బోర్లించి పెట్టాలి, తీసింది తిరిగి పెట్టకూడదని ముందే చెప్పాలి.

ఇదంతా కాక, నేను అసలు చెప్పాలనుకున్నది ఒకటుంది. కార్డుకన్నా ముందు లెక్క. డిసెంబరు ఆఖరి ఆదివారం సంఘం జమాఖర్చులు పైకి చదివి, కాగితం నోటీసుబోర్డుకు అంటించాలి. కానుకలు ఎంత, పాస్టరు జీతం ఎంత, పేదలకు వెళ్లింది ఎంత. ప్రతివారం కానుక ముగ్గురు కూర్చుని లెక్కపెట్టి, ముగ్గురూ సంతకం పెట్టి, మర్నాడు బ్యాంకులో వేస్తే ఇది పది నిమిషాల పని. లేకపోతే పది రాత్రుల పని. మనుషుల మధ్య లెక్కలూ అంతే. తగవులున్న ఇళ్ల జాబితా ప్రతి పాస్టరు దగ్గరా మనసులో ఉంటుంది. 20 నుంచి 30 లోపు రోజుకొక ఇంటికి, సాయంత్రం ఆరు తర్వాత, కమిటీవాళ్లు లేకుండా ఒంటరిగా వెళ్లాలి. ఆస్తి తగవు జోలికి పోకండి, అది కోర్టు చూసుకుంటుంది. "బల్లకు ఇద్దరూ వస్తారా?" అన్న ఒక్కమాట అడిగి వచ్చెయ్యండి. పదకొండిళ్లలో మూడు కదిలితే చాలా ఎక్కువ.

మిగిలిన కార్డులు పారెయ్యకండి, ఆ రాత్రి రాలేని మంచంలో ఉన్నవాళ్లకు జనవరి మొదటి వారంలో తీసుకెళ్లండి. మీ కార్డు ఎక్కడ పెట్టుకోవాలంటారా, ఫోను కవరు వెనక కాదు. దానిమీదున్న అధ్యాయం తెరిచి, ఆ పేజీలోనే.