పాత పికప్ చక్రం హోరు: ఏ బేరింగు కొనాలి?

ప్రశ్న: మా పికప్ వయసు ఇరవై ఏళ్లు దాటింది. స్పీడు అరవై దాటగానే ముందు చక్రం దగ్గర ఊఁ... అని ఒకటే హోరు. హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బేరింగు పోయిందని మెకానిక్ అన్నాడు. కొనబోతే ఒకే బండి పేరు మీద నాలుగు రకాలు చూపిస్తున్నారు, ఒకదానికి వైరు ఉంది, ఇంకోదానికి లేదు. ఏది తీసుకోవాలి? రెండు వైపులా మార్చాలా?

జవాబు: ముందు ఆ హోరు బేరింగుదేనా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే అరుస్తుంది. ఖాళీ రోడ్డు మీద వెళ్తూ స్టీరింగు కాస్త ఎడమకు తిప్పండి. బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి అప్పుడు హోరు పెరిగితే అనుమానం కుడి బేరింగు మీదే, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు వేసి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి రెండో చేత్తో చక్రం మెల్లగా తిప్పి చూడండి. పోయిన బేరింగైతే ఇసుక నలుగుతున్నట్టు గరగర వేళ్లకే తెలుస్తుంది.

ఇక కొనడం. బండి పేరు, సంవత్సరం చెప్పి మాత్రం కొనకండి, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఒకే మోడల్లో టూవీల్ డ్రైవ్‌కు ఒక హబ్, ఫోర్‌వీల్ డ్రైవ్‌కు ఇంకో హబ్ ఉంటాయి. మీరు చూసిన వైరు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరుది, మీ బండికి ముందు చక్రాల్లో ఏబీఎస్ లేకపోతే అది మీకు అక్కర్లేదు. చక్రం స్టడ్లు (చక్రాన్ని బిగించే బోల్టులు) 5, 6 లేక 8 ఉండొచ్చు, ఫోర్‌వీల్ అయితే స్ప్లైన్ పళ్లు (యాక్సిల్ దూరే రంధ్రం లోపలి గాళ్లు) కూడా లెక్కపెట్టాలి. అన్నిటికంటే నమ్మకమైనది పాత బేరింగు మీద చెక్కిన నంబరు. విప్పించి, గ్రీజు తుడిచి, ఆ నంబరు ఫొటో తీసుకుని అప్పుడు కొనడానికి వెళ్లండి.

మీది సీలు చేసిన హబ్ (బేరింగు లోపలే ఉండి మొత్తంగా మార్చేది) కాకుండా పాతకాలపు టేపర్ రోలర్ బేరింగు (విడిగా మార్చే ఏటవాలు రోలర్లది) అయితే ఖర్చు తక్కువ, పని కాస్త ఎక్కువ. లోపలిది, బయటిది రెండూ మార్చాలి, కోన్‌తో (రోలర్లున్న లోపలి రింగు) పాటు కప్పు (రోలర్లు తిరిగే బయటి రింగు) కూడా కొత్తదే వేయాలి. పాత కప్పులో గోరుతో గీస్తే గుంటలు తగులుతాయి, కొత్త రోలర్లు వాటి మీద తిరిగితే ఎన్నాళ్లు ఆగుతాయి? గ్రీజు సీలు కూడా కొత్తది పెట్టించండి.

బ్రాండు విషయంలో పిసినారితనం వద్దు. టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఎన్‌ఎస్‌కే, కోయో లాంటివి ధైర్యంగా తీసుకోవచ్చు. కానీ వాటి పేర్లతోనే నకిలీలు తిరుగుతున్నాయి, ధర మరీ తక్కువగా ఉందంటే అనుమానించండి. ఎస్‌కేఎఫ్ వాళ్ల యాప్‌లో ప్యాకెట్ ఫొటోలు పంపితే అసలో నకిలీయో వాళ్లే చెబుతారు.

రెండో వైపు కూడా మార్చాలన్న రూలేం లేదు. గరగర, ఊగులాట లేకపోతే దాన్ని వదిలేయండి.

బిగించేటప్పుడు దగ్గరే ఉండండి. ఫోర్‌వీల్ సీల్డ్ హబ్‌కు యాక్సిల్ నట్టు ఇంపాక్ట్ గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే పానా), మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి, అది అయ్యేదాకా బండి బరువు చక్రం మీద వేయనివ్వకండి. టేపర్ రకానికి అలా గట్టిగా బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, చక్రం తిప్పుతూ బిగించి, కొంచెం వదిలి, మాన్యువల్ ప్రకారం సర్ది స్ప్లిట్ పిన్ను (నట్టు వదులవకుండా ఆపేది) కొత్తది వేయించండి.