కార్డు కొనకముందు ఈ ఉత్తరం చదువు

బిడ్డా,

నువ్వు పాత టీవీ గేములన్నీ రికార్డు చేసి యూట్యూబ్‌ల పెడతవని మీ నాయన ఫోన్‌ల చెప్పిండు. మస్తు సంబురమైంది. ఆ డబ్బాలను ఇప్పుడు మిర్యాలగూడల రిపేరుకు కూడ ఎవరూ తెస్తలేరు. వాటిని పదిలంగ దాచాలన్న బుద్ధి మన ఇంటి పిల్లకే పుట్టింది. తర్వాత నువ్వు రాసుకున్న సామాన్ల లిస్టు కూడ పంపిండు. అది చూసినంక సంబురం సగమైంది. క్యాప్చర్ కార్డు (గేమ్ బొమ్మను కంప్యూటర్‌లకు ఎక్కించేది) ఉన్నది, కేబుళ్లు ఉన్నయి, మైకు ఉన్నది. కరెంటు ముచ్చట మాత్రం ఒక్క ముక్క లేదు! అందుకే ముందుగాల్ల అదే రాస్తున్న. బొమ్మ సంగతి తర్వాత.

ఏ గేమ్ డబ్బా అడాప్టర్ దానిదే. పిన్ను పట్టింది కదా అని ఒకదానిది ఇంకోదానికి పెట్టకు. సెగా వాళ్ల మెగా డ్రైవ్ మోడల్ 1కి పిన్ను నడుమ నెగటివ్, మోడల్ 2కి నడుమ పాజిటివ్. పేరు ఒకటే, కరెంటు తిరకాసు. జపాన్ నుంచి నింటెండో వాళ్ల సూపర్ ఫామికామ్ తెప్పిస్తనంటున్నవు. దాని అడాప్టర్ 100 వోల్టులది, మన 230ల పెడితే మాడిపోతది. దాన్ని అటకెక్కించి, కోఠి గుజరాతీ గల్లీల 9 వోల్టుల డీసీ, నడుమ నెగటివ్, ఒకటిన్నర ఆంపియర్ల అడాప్టర్ కొను. అదే మెగా డ్రైవ్ మోడల్ 1కి కూడ నడుస్తది. అమెరికా నింటెండో ఎన్‌ఈఎస్ అడాప్టర్ చూడనీకి అట్లనే ఉంటది గాని బయటికిచ్చేది 9 వోల్టుల ఏసీ. దాన్ని పొరపాటున సూపర్ ఫామికామ్‌కు గాని, దాని ముందటి ఫామికామ్‌కు గాని పెడితే లోపలి సామాను పోతది. 12 వోల్టులది కూడ వద్దు. మెగా డ్రైవ్ మోడల్ 1 లోపల 7805 రెగ్యులేటర్లు 5 వోల్టులకు దించుతయి, మిగిలిందంతా వేడి అయితది. ఒక ఆంపియర్ తీసుకుంటే 9 వోల్టులకు 4 వాట్ల వేడి, 12 వోల్టులకు 7 వాట్లు. మన నల్గొండ ఎండకాలంల ఆ మూడు వాట్లు ఏం తక్కువ కాదు.

మల్టీమీటర్ ఒకటి కొను. డబ్బాకు పెట్టకముందు పిన్ను మీద వోల్టు, ప్లస్సు మైనస్సు చూడు. పాతకాలపు బరువు అడాప్టర్ 9 అని రాసి ఉన్నా, ఊరికె చూస్తే 13 దాక చూపిస్తది. భయపడకు, లోడు పడితే దిగుతది.

కేబుళ్ల ముచ్చట చిన్నదే. పసుపు వైరుల వెలుగు, రంగు రెండూ కలిసి పోతయి కాబట్టి అంచుల మీద చుక్కలు పాకుతయి. ఎస్-వీడియో రెండింటినీ విడదీస్తది, రంగులను కూడ వేర్వేరు వైర్లల పంపే ఆర్‌జీబీ, కాంపొనెంట్ ఇంకా మంచివి. ప్లేస్టేషన్ 2కు కాంపొనెంట్ కొను, మెగా డ్రైవ్‌కు ఆర్‌జీబీ. మన బజార్ల అమ్మిన 99 లక్షల గేముల డబ్బాకు పసుపు, తెలుపు తప్ప ఇంకేం రావు, దానికి పిరం కేబుల్ దండుగ. యాంటెనా వైరు ఒక్కటే ఉన్న డబ్బా దొరికితే పాత వీసీఆర్‌కు పెట్టి చానెల్ ట్యూన్ చెయ్యి, దాని ఏవీ అవుట్ నుంచి బొమ్మ తీసుకో.

ఇగ అసలు సంగతికొస్త. కొత్తగ ఈ పనిల దిగినోళ్లు చేసే పాత తప్పు ఒకటుంది. డబ్బులు పోసి మరీ చేస్తరు, చేసినట్టు ఎరుక కూడ కాదు.

దూరదర్శన్ బొమ్మ సెకనుకు 50 సార్లు వచ్చేది, కాని ప్రతిసారి సగం గీతలే. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు. జపాన్, అమెరికా పద్ధతిల 60 సార్లు. దీన్ని ఇంటర్లేస్ అంటరు, 576ఐ, 480ఐ అని రాస్తరు. ఒక సగం గీతల నడుమ ఇంకో సగం పడాలంటే అర గీత తేడా ఉండాలె, అందుకే జపాన్ పద్ధతిల ఒక్కో సగం 262న్నర గీతలు. పాత గేమ్ డబ్బాలు చేసినోళ్లు ఆ అర గీతను తీసేసిండ్రు. దాంతోటి ప్రతి బొమ్మ అవే గీతల మీద పడుతది, నడుమ జాగ నల్లగ ఖాళీగ ఉంటది. అంటే వచ్చేవి సగాలు కావు, సెకనుకు 60 నిండు బొమ్మలు, ఒక్కోదాంట్ల కనిపించే గీతలు 240. నువ్వు వినే 240పీ ఇదే. పిక్చర్ ట్యూబు టీవీకి ఈ పేర్లతో పని లేదు, వచ్చింది వచ్చినట్టు గీసింది. వీధి చివర దుకాణంల గంట లెక్కన కిరాయికి ఆడిన పిల్లలకు బొమ్మ అంత మెత్తగ కదిలింది అందుకే.

అగ్గువ కార్డుకు ఆ తెలివి లేదు. దానికి వచ్చిందల్లా 480ఐ. వేర్వేరు రెండు బొమ్మలను ఒకే బొమ్మ సగాలనుకొని అల్లేస్తది, ఉరికే మారియో అంచులు దువ్వెన పండ్ల లెక్క చీలుతయి. లేకుంటె ఒకదాన్ని పారేసి సెకనుకు 30 బొమ్మలే ఇస్తది. ఈ రెండోదే ఎక్కువ మోసం, ఎందుకంటె బొమ్మ శుభ్రంగ కనిపిస్తది, తప్పు పట్టలేవు.

ఫామికామ్ ఒక గీత మీద ఎనిమిది కదిలే ముక్కలనే చూపించగలదు. అంతకు మించితే గేము రాసినోళ్లు వాటిని ఒక బొమ్మల కొన్ని, తర్వాతి బొమ్మల ఇంకొన్ని చూపించి నెట్టుకొచ్చిండ్రు. కంటికి మినుకుమినుకుమంటయి గాని అన్నీ కనిపిస్తయి. బొమ్మ విడిచి బొమ్మ పారేసే కార్డుల సగం శత్రువులు మాయమైతరు. దీన్ని పట్టుకునే పరీక్ష చెప్త. సూపర్ మారియో బ్రదర్స్‌ల పుట్టగొడుగు తిని పెద్దగయ్యి, కావాలని శత్రువుకు తగులు. చిన్నగయినంక మారియో కొద్దిసేపు మెరుస్తడు, ఒక బొమ్మల ఉంటడు, తర్వాతి దాంట్ల ఉండడు. ఆ రికార్డింగును వీఎల్‌సీల పెట్టి కీబోర్డు మీద 'ఈ' అక్షరం నొక్కుకుంట ఒక్కో బొమ్మ జరుపు. ఉన్నడు, లేడు, ఉన్నడు, లేడు అని రావాలె. వరసగ ఉన్నా, వరసగ మాయమైనా 30 బొమ్మలే వస్తున్నయి. రెండు మారియోలు పొగ లెక్క కలిసి కనిపిస్తే కార్డు అల్లుతున్నది.

ఈ తప్పు మూడు తావుల జొరబడుతది, ఒకచోట సరిచేస్తే చాలదు. ఒకటి కార్డు. రెండోది ఓబీఎస్, అంటే కంప్యూటర్‌ల రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. పసుపు వైరు కార్డుకు డీఇంటర్లేసింగ్ (సగం గీతలను నిండు బొమ్మ చేసే) సెట్టింగుల ఉత్త యాడిఫ్ పెడితే 30 వస్తయి, యాడిఫ్ 2ఎక్స్ పెట్టు. రెట్రో అని ఇంకోటి ఉంటది, అది ఈ పాత గేముల కోసమే. ఫ్రేమ్ రేటు కూడ 60 చెయ్యి, మన బజారు డబ్బా పాల్‌ది, అంటే దూరదర్శన్ పద్ధతిది, కాబట్టి దానికి 50. కార్డు సెట్టింగుల పాల్ బీ ఎంచకుంటె బొమ్మ నలుపు తెలుపు అయితది, లేకుంటె దొర్లుతది. మూడోది యూట్యూబ్. 720 కంటె చిన్న వీడియోకు అది 60 ఇయ్యదు, 30కి కోస్తది. ఇంత కష్టపడి 480ల ఎక్కిస్తే శత్రువులు మళ్లీ మాయమైతరు. అందుకే పెద్దగ చేసి ఎక్కించు. 240ని సరిగ్గ ఆరింతలు చేస్తే 1440, దాంట్ల నాలుగుకు మూడు లెక్కన వెడల్పు 1920. ఓబీఎస్‌ల స్కేల్ ఫిల్టర్ పాయింట్ పెడితే అంచులు మసకబారవు. 1080 నాలుగున్నర ఇంతలు, గీతలు ఒకటి లావు ఒకటి సన్నం అయితయి.

కార్డు అట్టపెట్టె మీద '1080పీ' అని చూసి మురిసినవు గదా, ఇప్పుడు ఏది కొనాలె చూడు. ఈజీక్యాప్ పేరుతోటి అగ్గువకు దొరికేవాటి లోపల చిప్ ఒక్కో సరుకుల ఒక్కోటి, డ్రైవరు వెతుక్కుంటనే ఆగమైతవు. పసుపు వైరుతోనే సరిపెట్టుకుంటనంటె ఐ-ఓ డేటా వాళ్ల జీవీ-యూఎస్‌బీ2 నమ్మదగ్గది, ఎస్-వీడియో కూడ తీసుకుంటది. అది జపాన్ బజారు కోసం చేసింది, పాల్ సంగతి అమ్మేటాయనతోటి ఖాయం చేసుకొని కొను.

మంచి తోవ వేరే ఉన్నది. ముందు 240పీని గుర్తుపట్టే స్కేలర్ (పాత బొమ్మను హెచ్‌డీఎంఐ బొమ్మగ మార్చే పెట్టె), దాని వెనక హెచ్‌డీఎంఐ కార్డు. ఓఎస్‌ఎస్‌సీ అనే స్కేలర్ ఆర్‌జీబీకి, కాంపొనెంట్‌కు బాగుంటది గాని పసుపు వైరు తీసుకోదు, నీ బజారు డబ్బాకు పనికిరాదు. రెట్రోటింక్ 2ఎక్స్ ప్రో పసుపు, ఎస్-వీడియో, కాంపొనెంట్ మూడూ తీసుకుంటది, గీతలను రెండింతలు చేసి 480పీ ఇస్తది. అయితే ఈ రెండూ డబ్బా వేగాన్నే బయటికి పంపుతయి. సూపర్ ఫామికామ్ సెకనుకు 60 కాదు, 60.1 దగ్గర ఇస్తది, కొన్ని కార్డులు దానికి అలిగి నల్ల తెర చూపిస్తయి. వాపసు తీసుకునే దుకాణంల కొను. రెట్రోటింక్ 5ఎక్స్‌ల ఈ తలనొప్పి తక్కువ, కాని పిరం, పైన కస్టమ్స్ కూడ పడుతది. మీ నాయన ఇస్తనన్నా మొదటి ఏడాదే అది వద్దు.

హెచ్‌డీఎంఐ కార్డుల ఎంఎస్2109 చిప్‌ది అన్నిటికంటె అగ్గువ. అది యూఎస్‌బీ 2, 1080ల 30 బొమ్మలే ఇస్తది. ఇప్పటికే కొని ఉంటె 720ల 60 పెట్టి వాడుకో. దాంట్ల స్టీరియో శబ్దం కంప్యూటర్‌కు 96 కిలోహెర్ట్జ్ మోనోగ కనిపిస్తది, అది చిప్ లోపమే, నీది కాదు. కొనాలంటె ఎంఎస్2130 చిప్ ఉన్న యూఎస్‌బీ 3ది అడుగు. ప్లగ్గు నీలం రంగుందని నమ్మకు, చిప్ పేరు చెప్పినోళ్ల దగ్గర్నే తీసుకో.

శబ్దం సంగతి అందరూ ఆఖరికి చూస్తరు. మెగా డ్రైవ్ మోడల్ 1 వెనక సాకెట్‌ల మోనోనే వస్తది, స్టీరియో ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రంల మాత్రమే. బజారు డబ్బాది తెల్ల వైరు ఒక్కటే కాబట్టి ఓబీఎస్‌ల మోనో టిక్కు పెట్టు, లేకుంటె ఎడమ చెవిలనే వినిపిస్తది. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంల గేమ్ వైరు గుచ్చకు, అది మైకంత సన్నటి శబ్దానికి చేసింది, పగిలిపోతది. అన్నిచోట్ల 48 కిలోహెర్ట్జ్ పెట్టు, ఓబీఎస్ శబ్దం మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటనియ్యకు.

గుయ్యిమని మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడు. ఆగిందంటె ఎర్త్ గోల. మన ఇండ్లల్ల మూడో పిన్ను చాలా తావుల ఉత్తదే, ఎండకాలం ఎర్త్ గుంత ఎండిపోతది. గుంతల నీళ్లు పొయ్యమను. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టు. అయినా పోకుంటె ఆడియో వైరు నడుమ గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ వెయ్యి. వైర్లు పట్టుకుంటె చెయ్యి జివ్వుమంటున్నదా, ఆట బందువెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలువు. దీంట్ల నీ తెలివి చూపకు.

ఓబీఎస్ తెర చూసుకుంట ఆడకు, అది ఆలస్యంగ వస్తది, దుంకుడు తప్పుతది. టీవీకి వేరే వైరు తియ్యి. కాని వై ఆకారం పిన్నుతోటి పసుపు వైరును చీల్చకు. టీవీ, కార్డు రెండూ 75 ఓమ్‌లు, రెండూ లాగితే ఒక వోల్టు ఉండాల్సింది మూడుల రెండొంతులకు పడి బొమ్మ మసకైతది. కరెంటుతో నడిచే ఏవీ డిస్ట్రిబ్యూషన్ ఆంప్లిఫయర్ తీసుకో, ఎర్రగడ్డ ఆదివారం సంతల కేబులోళ్ల పాతవి దొరికితే చాలు.

ముందు అడాప్టర్లు, మల్టీమీటర్ కొను. కార్డు కొన్నంక మారియో పరీక్ష చేసి ఆ వీడియో నాకు పంపు, చూసి అది ఉంచుకోవాల్నో వాపసు ఇయ్యాల్నో చెప్త. మీ ఇంట్ల పిక్చర్ ట్యూబు టీవీ మొరాయిస్తే బస్సుల వేసి పంపు, నేను చూస్త. వెనక మూత మాత్రం నువ్వు తియ్యకు బిడ్డా. 21 ఇంచుల కలర్ టీవీ లోపల ఇరవై వేల వోల్టుల పైనే ఉంటది, ప్లగ్గు పీకినంక కూడ ట్యూబుల మిగిలే ఉంటది.

మీ చిన్నాయన