ఇన్సులిన్ మొదలైన ఇంటికి పెద్దమ్మ ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

సూర్యారావుపేటలో డాక్టరుగారు మీ అత్తగారికి ఇన్సులిన్ రాశారని, అప్పటినుంచి ఆమె సరిగా అన్నం తినడం లేదని, "ఇక చివరి దశకు వచ్చినట్టే" అంటున్నారని నిన్న ఫోనులో చెప్పావు. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని కనుక, ఆ మాట నేను ఎన్ని నోళ్ల వెంట విన్నానో లెక్కలేదు. చక్కెర వ్యాధి వచ్చాక ఏళ్ల తరబడి క్లోమంలో ఇన్సులిన్ తయారయ్యే శక్తి తగ్గుతూ వస్తుంది; మాత్రలతో సరిపోనప్పుడు ఆ లోటును సూది ద్వారా పూడుస్తారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో మొట్టమొదట ఈ సూదిమందు తీసుకున్న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడు అప్పటికి మృత్యుముఖంలో ఉన్నాడు, ఆ తరువాత మరో 13 ఏళ్లు బతికాడు. ఈ సంగతి వదినగారికి నువ్వే కూర్చోబెట్టి చెప్పు. భయం తీరకుండా ఏ జాగ్రత్త చెప్పినా ఆమె చెవికి ఎక్కదు.

ఉత్తరం చదవడం ఇక్కడ కాసేపు ఆపి, ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉందో 100 అని ఉందో చూడు. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు ఉంటుంది, దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూత సిరంజీ వేరే ఉంటుంది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో గీత చూసి లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. సిరంజీలు అయిపోయినప్పుడు మందుల షాపుకు పిల్లవాణ్ని పంపి "ఇన్సులిన్ సిరంజీ ఇమ్మన్నారు" అనిపిస్తే వచ్చే ముప్పు ఇదే. పాత సిరంజీ మూత, సీసా అట్టపెట్టె చేతికిచ్చి పంపాలి. వాడుతున్న సీసాను ఎండ, పొయ్యి వేడి తగలని చోట ఉంచితే సాధారణంగా 28 రోజుల వరకు పనిచేస్తుంది కాబట్టి, మూత తీసిన తేదీని దాని మీదే రాయి. వాడని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి గాని గడ్డకట్టే అరలో ఉండకూడదు. బెజవాడ మే నెల ఎండల్లో కరెంటు పోతే, తడి ఇసుక నింపిన కుండలో చిన్న గిన్నె పెట్టి అందులో సీసాను దాచే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

నా ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోసే ముఠా కూలీ ఒకాయనను వార్డు నుంచి ఇంటికి పంపుతూ, చక్కెర మాత్రను ఉదయం భోజనానికి ముందు వేసుకోమని చెప్పాను. "అర్థమైందమ్మా" అన్నాడు, నేను మరో మంచం దగ్గరికి వెళ్లిపోయాను. ఆయనకు భోజనం అంటే మధ్యాహ్నం అన్నమే. తెల్లవారుజామున మాత్ర మింగి, టీ మాత్రం తాగి, ఎండలో బరువులు మోసి, పన్నెండు గంటలకు చెమటలు కక్కుతూ కూలిపోయాడు. మళ్లీ అదే వార్డుకు తెచ్చారు, దక్కాడు. తప్పు ఆయనది కాదు, నాది. ఆనాటినుంచి నేను "అర్థమైందా" అని అడగడం మానేసి, "రేపు పొద్దున లేచాక ఏం చేస్తారో నాకు చెప్పండి" అని అడగడం మొదలుపెట్టాను. నువ్వు కూడా అంతే చెయ్యి. ఎన్ని యూనిట్లు, ఎక్కడ పొడవాలి, ఆ తరువాత ఎంతసేపటికి టిఫిను తినాలి అనేవి వదినగారి నోటితోనే చెప్పించు. ఆమె చెప్పేది తడబడితే ఆమెను తప్పుపట్టకు, నువ్వు చెప్పిన తీరు మార్చుకో.

ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర ఎక్కువ కావడం కన్నా ఉన్నట్టుండి తగ్గిపోవడమే తక్షణ ప్రమాదం. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, కారణం లేని కోపం కనిపిస్తే వెంటనే వేలు గుచ్చి చూడు. 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి ఇవ్వు. పెరిగాక రెండు ఇడ్లీలైనా తినిపించు. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకుండా, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యి. కార్తిక సోమవారం ఉపవాసం ఉంటానని ఆమె అంటే వాదించకు. ముందే డాక్టరుగారిని కలిసి, ఉండవచ్చో లేదో, ఉంటే ఆ రోజు మోతాదు ఎంతో ఆయన చేతే చెప్పించు.

ఇక పచ్చడి గొడవ. గోంగూర పచ్చడి జాడీ నువ్వు అటక మీద దాచావని వదినగారు నాతో చెప్పుకుని బాధపడ్డారు. కోడలు తిండి దగ్గర కాపలా కాస్తే ఆ ఇంట్లో బీపీ తగ్గదమ్మా. ఆమె పక్కింట్లో అడిగి తింటారు, నీకు చెప్పరు, అప్పుడు నువ్వు రాసుకునే లెక్కలన్నీ తప్పుతాయి. ఊరగాయలో ఇబ్బంది కారం కాదు, ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు అయిదు గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అందులో కూర, పప్పు, అప్పడం అన్నీ కలిసిపోవాలి. జాడీ కిందికి దించు. వారానికి ఎన్నిసార్లు, ఎంత వేసుకోవాలో ఆమెనే నిర్ణయించమను, ఆ రోజు మజ్జిగలో ఉప్పు మానెయ్యమను. తానే పెట్టుకున్న హద్దును మనిషి కాస్త ఎక్కువగా పాటిస్తాడని నా అనుభవం.

డాక్టరుగారి దగ్గర రెండు గంటలు కూర్చుంటే లోపల అయిదు నిమిషాలు దొరుకుతాయి కనుక, ఒక నోటు పుస్తకం పెట్టు. తేదీ, పరగడుపు చక్కెర, తిన్న రెండు గంటల తరువాతి చక్కెర, బీపీ, ఆ రోజు జరిగిన విశేషం అందులో ఉండాలి. బీపీ చూసే ముందు ఆమెను అయిదు నిమిషాలు మాట్లాడించకుండా, వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించు. అప్పుడే తాగిన కాఫీ అంకెను పెంచుతుంది. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలను కూడా తప్పక రాయి, ఎందుకంటే వాటిలో చాలా రకాలు బీపీని పెంచి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పైగా మనవాళ్లు వాటిని మందుల లెక్కలోనే వెయ్యరు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష, ఏడాదికోసారి కంటి లోపలి పొర, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఎప్పుడో డాక్టరుగారిని అడిగి చివరి పేజీలో రాసుకో. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు చూడటం నీ కొడుకుకు అప్పగించు. నాయనమ్మ కాళ్లు పిల్లల కళ్లకు బాగా కనిపిస్తాయి.

ఇదంతా నీ ఒక్కదాని మీద వేసుకోకు. సూది వేయడం మీ ఆయనకూ రావాలి, ఆయన తల్లే కదా.

వచ్చే ఆదివారం వస్తాను. ఈలోగా సీసా మీద ఏ అంకె ఉందో, సిరంజీ మూత ఏ రంగుదో రేపు పొద్దున ఫోను చేసి చెప్పండి. నువ్వు కాదు, వదినగారి చేత చెప్పించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ