ఆకులు పండుతున్న అశ్వగంధకు మందు కొట్టాలా?

ప్రశ్న: అశ్వగంధ వేసి 155 రోజులైంది. చేనంతా కింది ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, కాయలు ఎర్రబడ్డాయి. వేరుకుళ్లు అని డీలర్ చెబితే 12 రోజుల కిందట ఆకులపై కార్బెండజిమ్ (శిలీంద్ర తెగుళ్ల మందు) పిచికారీ చేశాను. ఇప్పుడు యూరియా వేసి, మరోసారి మందు కొట్టమంటున్నారు. ఆకు కూడా ఎండబెట్టి వేరు పొడిలో కలిపి అమ్మవచ్చా?

జవాబు: మీ చేనుకు తెగులు లేదండీ, పంట తవ్వకానికి వచ్చింది. 150 నుంచి 180 రోజుల మధ్య కింది ఆకులు పండి రాలడం, కాయలు ఎర్రబడటం పక్వానికి గుర్తులు. వేరుకుళ్లయితే చేనంతా ఒకేలా పండదు. అక్కడక్కడా మొక్కలు నిలువునా వాడిపోతాయి, పీకి చూస్తే వేరు గోధుమరంగుకు తిరిగి పైతోలు చేతికే ఊడి వస్తుంది. నమ్మకం కుదరకపోతే చేనులో ఐదు చోట్ల మొక్కలు పీకి, వేరు కడిగి విరిచి చూడండి. ఫట్‌మని విరిగి లోపల తెల్లగా, పిండిగా ఉంటే వెంటనే తవ్వకం మొదలుపెట్టండి. ఇంకా ఆలస్యం చేస్తే వేరు పీచుపట్టి వంగుతుందే తప్ప విరగదు, గ్రేడు పడిపోతుంది.

యూరియా వద్దు. ఈ దశలో నత్రజని అందితే మొక్క మళ్లీ చిగురు వేస్తుంది, వేరులో దాచుకున్నది ఆ చిగురుకు ఖర్చవుతుంది.

ఇక పిచికారీ సంగతి. కార్బెండజిమ్ ఆకు నుంచి వేరుకు పెద్దగా దిగదు. అంటే నిజంగా వేరుకుళ్లు ఉన్నా మీరు చేసిన పనితో తగ్గేది కాదు. కానీ నేలకు కారిన మందును వేరు పీల్చుకుంటుంది. మీరు పండిస్తున్నది ఔషధం. పది కిలోల వేరు నుంచి కిలో సారం తీశారనుకోండి, ఔషధ గుణమిచ్చే విథనోలైడ్లు అనే పదార్థాలు చిక్కబడినట్టే వేరులోని మందు అవశేషం కూడా చిక్కబడవచ్చు. దాన్ని ఒంట్లో బాగాలేని మనిషి రోజూ మింగుతాడు. మీకు మందు డబ్బా అమ్మిన డీలర్‌కు ఆ టెన్షన్ ఉండదు, మీకు ఉండాలి. రెండో పిచికారీ చేయవద్దు. ఇన్ని రోజులు గడిచాయి కదా అని సరిపెట్టుకోకుండా, ఐదారు చోట్ల తీసిన వేరు కలిపి అరకిలో నమూనాకు అవశేషాల పరీక్ష చేయించండి. మందు కొట్టిన తేదీ కొనేవారికి దాచకుండా చెప్పండి. ఇకపై వేరు తెంచి చూడకుండా ఎవరు ఏ మందు రాసిచ్చినా కొనవద్దు.

నేల గట్టిగా ఉంటే తవ్వే ముందు ఒక పలుచటి తడి ఇవ్వండి. వేరును కాండం నుంచి కోసి, కడిగి, 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చేసి, తేమ 10 నుంచి 12 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టండి. పచ్చి ఆరకముందే సంచికెత్తితే బూజు పడుతుంది.

ఆకు కలపడం మాత్రం ఒప్పుకోను. వేరు, ఆకు రసాయనంలో ఒకటి కావు. కణాలను చంపే గుణం బలంగా ఉన్న విథాఫెరిన్-ఎ ఆకులోనే ఎక్కువ. నిద్రకో, ఒత్తిడికో వేరు పొడి వాడేవారికి అది తెలియకుండా లోపలికి వెళ్తుంది. రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఆ తేడా బయటపడితే సరుకంతా వెనక్కి వస్తుంది. మీ ఆకు మందు తగిలినది కాబట్టి పశువులకూ వేయకండి.